షెరీఫ్ ఇంటి జ్ఞాపకాలు, షెరీఫ్ మీదికొచ్చిన కేసు: బ్యూఫోర్డ్ పుసర్ కథ 58 ఏళ్లకు ఎందుకు తిరగబడింది?

క్లుప్తంగా: అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, మెక్‌నైరీ కౌంటీకి (మన జిల్లా లాంటి పాలనా విభాగం) 1964 నుంచి 1970 దాకా షెరీఫ్‌గా, అంటే పోలీసు అధిపతిగా, పనిచేసిన బ్యూఫోర్డ్ పుసర్ నేరముఠాలను ఎదిరించిన వీరుడిగా పేరుపొందాడు. 1967లో ఆయన భార్య పౌలీన్‌ను ఆ ముఠాలే కాల్చి చంపాయన్నది ఇంతకాలం అందరూ నమ్మిన కథ. పుసర్ బతికి ఉంటే ఆమె హత్యపై ఆయన మీదే అభియోగం పెట్టేందుకు సరిపడా ఆధారాలున్నాయని 2025 ఆగస్టు 29న ఆ రాష్ట్ర దర్యాప్తు సంస్థ, జిల్లా అటార్నీ (ప్రభుత్వం తరఫున నేర కేసులు నడిపే న్యాయవాది) ప్రకటించారు. ఇంత పెద్ద కేసు అన్నేళ్లు ఒక్క మనిషి మాట మీద ఎలా నిలిచింది, దాన్ని నిలబెట్టడంలో కుటుంబ జ్ఞాపకాల పాత్ర ఎంత, కూలదోయడంలో ఎంత అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఇంతకాలం చెప్పుకున్న కథ

1967 ఆగస్టు 12, ఇంకా తెల్లవారలేదు. న్యూ హోప్ రోడ్డు వైపు ఏదో గొడవ జరుగుతోందని షెరీఫ్‌కు కబురు వచ్చింది. ఆయన బయల్దేరుతుంటే భార్య కూడా కారెక్కింది. దారిలో నల్లటి కాడిలాక్ ఒకటి పక్కకు వచ్చి కాల్పులు జరిపింది. పౌలీన్‌కు తూటాలు తగిలాయి. పుసర్ కారును కొంతదూరం ఉరికించి, ఆమెను చూద్దామని ఆపాడు. అదే కారు మళ్లీ వచ్చింది. ఈసారి పౌలీన్ తలకు, పుసర్ దవడకు తూటాలు తగిలాయి. ఆమె చనిపోయింది. ఆయన ముఖం ఛిద్రమై పలు శస్త్రచికిత్సలు చేయించుకోవాల్సి వచ్చింది.

పై పేరాలోని ప్రతి వివరానికీ మూలం ఒక్కడే, పుసర్. కాల్పులు చూసినవారు మరొకరు లేరు. దాడి చేయించింది ఫలానావాళ్లని ఆయనే పేర్లు చెప్పాడు. వారిలో ముఖ్యుడు కర్క్సీ నిక్స్ ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ తర్వాత నిక్స్‌కు వేరే హత్య కేసులో జీవితఖైదు పడింది కానీ, న్యూ హోప్ రోడ్డు కేసులో మాత్రం ఎవరిమీదా అభియోగం నమోదు కాలేదు. అంతకన్నా విచిత్రం, పౌలీన్ శవానికి అప్పట్లో పోస్ట్‌మార్టమే జరగలేదు. ఒక జిల్లా స్థాయి పోలీసు అధికారి భార్య తుపాకీ గుండ్లకు బలైతే శవపరీక్ష కూడా లేకుండా ఖననం చేశారంటే మన పాఠకులకు నమ్మశక్యం కాదు. అక్కడ అదెలా సాధ్యమైందో తెలియాలంటే షెరీఫ్ పదవి స్వరూపం చూడాలి.

బదిలీ లేని పోలీసు

ముంబై, కోల్‌కతాల్లోని షెరీఫ్ పదవి అలంకారప్రాయం. అమెరికా షెరీఫ్ అలా కాదు. దేశంలో 3 వేలకు పైగా కౌంటీలుంటే, అత్యధికం చోట్ల షెరీఫ్‌ను జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. పట్టణాలకు వేరే పోలీసు శాఖలుంటాయి. వాటి పరిధికి బయట ఉన్న పల్లెలు, పొలాలు, రహదారులు షెరీఫ్ చేతిలో ఉంటాయి. గస్తీ ఆయనదే, కౌంటీ జైలూ ఆయనదే, కోర్టు నోటీసులు అందించేదీ ఆయన మనుషులే. డిప్యూటీలను ఆయనే నియమించుకుంటాడు. అక్కడ స్థిరపడి పౌరసత్వం పొందిన తెలుగువారి బ్యాలెట్ పత్రాల్లోనూ చాలాచోట్ల ఈ పదవికి పోటీపడేవారి పేర్లు కనిపిస్తాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జిల్లా ఎస్పీ ఐపీఎస్ అధికారి. ఆయన పైన డీఐజీ, ఐజీ, డీజీపీ ఉంటారు. ఆరోపణ వస్తే ప్రభుత్వం రాత్రికి రాత్రి బదిలీ చేయగలదు, కేసును సీఐడీకి అప్పగించగలదు. బదిలీలను రాజకీయంగా వాడుకుంటారన్న విమర్శ వేరే సంగతి. షెరీఫ్‌కు పైఅధికారి ఉండడు. గవర్నర్ ఆయనను పక్క కౌంటీకి పంపలేడు. టెనెసీలో 1915 నాటి చట్టం ప్రకారం కోర్టు ద్వారా పదవి నుంచి తొలగించే దారి ఒకటుంది, అది సుదీర్ఘమైన వ్యవహారం. మిగతాదంతా ఎన్నికల్లో ఓటరు తేల్చుకోవాల్సిందే. షెరీఫ్ తప్పు చేస్తే పట్టుకునేదెవరన్న ప్రశ్నకు రాష్ట్రానికో జవాబుంది. ఇండియానా రాష్ట్రంలోనైతే చట్టం ఆ పనిని కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే కౌంటీ అధికారి) మీద పెట్టింది.

అప్పటి మెక్‌నైరీ జనాభా 20 వేలు కూడా లేదు, మన సగటు మండలం కన్నా తక్కువ. పుసర్ తండ్రి కార్ల్ అక్కడి ఆడమ్స్‌విల్ పట్టణ పోలీసు చీఫ్‌గా చేశాడు, 1962లో ఆ కుర్చీలోకి కొడుకు వచ్చాడు. రెండేళ్లకు, 26 ఏళ్ల వయసులో, కొడుకు షెరీఫ్ అయ్యాడు. అంతమందికీ అందరూ తెలిసిన చోట, షెరీఫ్ చెప్పిన వాంగ్మూలాన్ని షెరీఫ్ ఆఫీసే అనుమానించి తవ్వాలి. అందులోనూ ఆయన దవడ ఊడి ఆసుపత్రిలో ఉన్నాడు. రాష్ట్ర దర్యాప్తు అధికారులు వచ్చినా వారి వెతుకులాటంతా ఆయన చెప్పిన దుండగుల కోసమే సాగింది. దర్యాప్తు అధికారి, బాధితుడు, ఏకైక సాక్షి ఒక్కడే అయిన కేసు అది.

సరిహద్దు గీత మీద వ్యాపారం

ఆ కథను జనం అంత సులువుగా నమ్మడానికి కారణం లేకపోలేదు. నేరం అక్కడ నిజంగానే ఉంది. టెనెసీలోని సెల్మర్ నుంచి మిసిసిపీలోని కోరింత్‌కు వెళ్లే 45వ నంబరు రహదారి మీద, రెండు రాష్ట్రాలు కలిసే చోట, మోటళ్లు, క్లబ్బులు వరసగా వెలిశాయి. మిసిసిపీలో రాష్ట్రమంతటా మద్యనిషేధం 1966 దాకా సాగింది, దేశంలో చివరిగా ఎత్తేసిన రాష్ట్రం అదే. నిషేధం ఉన్నచోట దొంగసారా, దాని వెంట జూదం, వ్యభిచారం, దారినపోయే ప్రయాణికులను దోచుకోవడం అన్నీ వచ్చాయి.

గీత మీద దుకాణం పెట్టడంలో లాభం వేరే చెప్పక్కర్లేదు. షెరీఫ్ అధికారం తన కౌంటీ దాకానే. ఇటునుంచి దాడి చేస్తే అటు జారుకోవచ్చు, అటునుంచి వస్తే ఇటు. రెండు రాష్ట్రాల పోలీసులు ఒకేసారి కదిలితే తప్ప పట్టుబడరు. అలా కదలకుండా చూసుకోవడానికి మామూళ్లు ఉండనే ఉన్నాయి. షామ్‌రాక్ మోటల్ నడిపిన లూయీస్ హాత్‌కాక్, ఆమెకు సన్నిహితుడైన టోహెడ్ వైట్ ఈ గుంపులో పేరుమోసినవాళ్లు.

పుసర్ వచ్చాక సారా బట్టీలు పగలగొట్టించాడు, క్లబ్బుల మీద దాడులు చేశాడు. ఒక్క 1965లోనే 87 బట్టీలని చెప్పుకునే లెక్క ఉంది. 1966 ఫిబ్రవరి 1న షామ్‌రాక్‌లో లూయీస్ హాత్‌కాక్‌ను ఆయనే కాల్చి చంపాడు. ఆమె ముందు తుపాకీ తీసిందని, ఆత్మరక్షణకే కాల్చానని ఆయన చెప్పాడు, కేసు అక్కడితో ముగిసింది. ఆ నిర్ణయం కూడా ప్రధానంగా షెరీఫ్ మాట మీదే ఆధారపడిందన్న సంగతి తర్వాతి కథకు ముఖ్యం. మరుసటి ఏడాది భార్య హత్య జరిగినప్పుడు, హాత్‌కాక్ చావుకు ప్రతీకారమన్న వివరణ అప్పటికే సిద్ధంగా ఉంది.

ఇల్లే ఠాణా అయినచోట

గ్రామీణ కౌంటీల నేరచరిత్రలో కుటుంబ జ్ఞాపకాలకు ఇంత చోటు దక్కడానికి ఒక భౌతిక కారణం ఉంది. 20వ శతాబ్దం సగం దాకా చాలా కౌంటీల్లో షెరీఫ్ నివాసం, జైలు ఒకే కట్టడంలో ఉండేవి. ముందు గదుల్లో కుటుంబం, వెనక కటకటాలు. ఖైదీలకు వంట షెరీఫ్ భార్య చేసేది. ఆడఖైదీలను చూసుకునేదీ ఆమే, తరచుగా జీతం లేకుండా. పిల్లలు నేరగాళ్ల పేర్లు వింటూ పెరిగేవారు. ఆఫీసు రికార్డులో రెండు వాక్యాలున్న సంఘటనకు ఇంట్లో గంటసేపు చెప్పుకునే కథ ఉండేది. ఆఫీసు కాగితాలు ఎన్నికలతో, అగ్నిప్రమాదాలతో, అశ్రద్ధతో చెల్లాచెదురయ్యేవి. కథలు నిలిచేవి.

ఇండియానాలోని క్రౌన్ పాయింట్ ఇందుకు మంచి పోలిక. అక్కడి లేక్ కౌంటీ షెరీఫ్ రాయ్ హోలీ 1933లో విధి నిర్వహణలో హతుడైతే, ఆయన స్థానంలో భార్య లిలియన్ హోలీని నియమించారు. 1934 మార్చి 3న బ్యాంకు దొంగ జాన్ డిలింజర్ ఆమె జైలు నుంచి తప్పించుకున్నాడు, అదీ ఆమె కారులోనే. దేశమంతా పత్రికలు నవ్విపోయాయి. లిలియన్ 103 ఏళ్లు బతికింది. ఆ రోజు గురించి మాట్లాడటానికి మాత్రం జీవితమంతా ఇష్టపడలేదు. అక్కడి కుటుంబం నోరు కట్టేసుకుంటే కథను పత్రికలు రాశాయి. మెక్‌నైరీలో దీనికి పూర్తిగా తలకిందులుగా జరిగింది. కుటుంబమే కథ చెప్పింది, పత్రికలూ సినిమాలూ దాన్నే మోశాయి.

మెక్‌నైరీలోనూ పదవి ఇంటిపనిగానే నడిచింది. కొడుకు షెరీఫ్‌గా ఉన్నప్పుడు జైలు చూసుకున్నది తండ్రి కార్ల్.

కథ కౌంటీ దాటిన తీరు

పుసర్ కీర్తి స్వంత కౌంటీలో కన్నా బయట ఎక్కువ పెరిగింది. వరుసగా ఇన్నేళ్లకు మించి షెరీఫ్‌గా ఉండకూడదన్న నిబంధన వల్ల 1970లో దిగిపోయాడు. 1972లో మళ్లీ నిలబడితే ఓటర్లు ఓడించారు. ఆయనను దగ్గరగా చూసినవాళ్లు వేసిన ఓట్లవి. మరుసటి ఏడాది 'వాకింగ్ టాల్' సినిమా వచ్చింది. చేతిలో దుడ్డుకర్రతో ఒంటరిగా ముఠాల మీదకు నడిచే షెరీఫ్ బొమ్మ దేశానికంతటికీ చేరింది. కొనసాగింపు చిత్రాలు వచ్చాయి, 2004లో మళ్లీ తీశారు. ఎనిమిదిసార్లు తూటాలు, ఏడుసార్లు కత్తిపోట్లు అన్న లెక్క పుసర్ పేరుకు అతుక్కుపోయింది. ఎవరూ సరిచూడని అంకెలకు ఇంత ఆయుష్షుండటం వీరగాథల్లో మామూలే.

1974 ఆగస్టు 21న, కొనసాగింపు చిత్రంలో తన పాత్ర తానే పోషిస్తానని ప్రకటించిన రోజునే, కార్వెట్ కారు ప్రమాదంలో పుసర్ మరణించాడు. వయసు 36. వేరే కారులో ఇంటికి వెళ్తున్న కూతురు డ్వానా కొద్ది క్షణాల్లోనే అక్కడికి చేరింది. తల్లి పోయినప్పుడు ఆమెకు ఆరేళ్లు, తండ్రి పోయేనాటికి పదమూడు. ఇది ప్రమాదం కాదు, హత్యేనని పుసర్ తల్లి హెలెన్, డ్వానా ఇద్దరూ నమ్మారు. ఆడమ్స్‌విల్‌లోని ఇల్లు 1988లో మ్యూజియంగా తెరుచుకుంది. డ్వానా 2009లో తండ్రి గురించి జ్ఞాపకాల పుస్తకం వెలువరించింది, 2018లో కన్నుమూసింది.

ఇక్కడ ఎవరినీ అబద్ధమాడారని అనాల్సిన పని లేదు. ఆరేళ్ల పిల్లకు అమ్మ ఎలా పోయిందో చెప్పింది నాన్న. ఆ పిల్ల పెరిగి అదే మాట నలుగురికీ చెప్పింది. మధ్యలో సినిమా వచ్చి ఆ మాటకు దృశ్యాలు అమర్చింది. మ్యూజియం వచ్చి వస్తువులు అమర్చింది. సందర్శకుల రాకపోకలతో ఊరికి ఆదాయం కలిసొచ్చింది. అంతటితో కథను ప్రశ్నించడమంటే ఒక ఇంటిని, ఒక ఊరిని ప్రశ్నించడంగా మారింది. కొందరు స్వతంత్ర పరిశోధకులు దశాబ్దాలుగా అనుమానాలు లేవనెత్తినా అవి పెద్దగా చెవికెక్కకపోవడానికి కారణం అదే.

శవం వెలికితీశాక

టెనెసీ దర్యాప్తు సంస్థ 1951లో మొదలైనా, రాష్ట్ర భద్రతా శాఖ నుంచి విడివడి స్వతంత్ర సంస్థ అయింది 1980లో. అది 2022లో పాత కేసుల పరిశీలనలో భాగంగా ఈ ఫైలు తెరిచింది. 2024 ఫిబ్రవరిలో పౌలీన్ అవశేషాలను వెలికితీసి, 1967లో జరగాల్సిన శవపరీక్షను 57వ ఏట చేయించింది. ఫలితాలను అప్పటి ఫొటోలతో, వాంగ్మూలాలతో పోల్చింది.

తేలిన సంగతులు ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే. పౌలీన్ పుర్రెకు తగిలిన గాయాలు కారు లోపలి ఫొటోలతో సరిపోలలేదు. కారు ముందరి బానెట్ పైన, బయటి వైపు, నెత్తురు చిందిన మరకలున్నాయి. పక్కసీట్లో కూర్చున్న మనిషిని కాలిస్తే నెత్తురు అక్కడికి చేరడం పుసర్ వాంగ్మూలానికి పొసగదు. ఆమెను కారు బయట కాల్చి, ఆ తర్వాత లోపల పెట్టి ఉండే అవకాశమే ఎక్కువని నిపుణులు అభిప్రాయపడ్డారు. పుసర్ చెంప గాయం దూరం నుంచి వచ్చిన తూటా వల్ల కాదని, తుపాకీ దాదాపు ఆనించి కాల్చినదని, బహుశా తనకు తానే చేసుకున్నదని తేల్చారు. కథకు మూలస్తంభం ఆ గాయమే. దవడ పగిలిన మనిషిని అనుమానించడానికి 1967లో ఎవరికి నోరొస్తుంది?

మరో చిన్న వివరం అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. పౌలీన్ ముక్కు ఎముక అంతకుముందెప్పుడో విరిగి, అతుక్కున్న ఆనవాలు కనిపించింది. అది ఆ రాత్రి గాయం కాదు. అప్పట్లో ఆ దంపతులకు దగ్గరగా ఉన్నవారి మాటలను బట్టి ఆమె ఇంట్లో హింసకు గురై ఉండవచ్చని దర్యాప్తు సంస్థ చెప్పింది. వర్జీనియా నుంచి వచ్చిన కోడలు ఆమె, మొదటి పెళ్లి నాటి ఇద్దరు పిల్లలతో 1959లో పుసర్‌ను పెళ్లాడింది. ఆమె కాపురంలో కలతలున్నాయని తనకు లోలోపల తెలుసునని, ఈ ప్రకటన తనను పూర్తిగా నివ్వెరపరచలేదని ఆమె తమ్ముడు చెప్పాడు.

ఎవరి జ్ఞాపకం దేనికి సాక్ష్యం?

కుటుంబ జ్ఞాపకాలన్నీ నమ్మదగనివని ఈ కేసు నిరూపించిందని కొందరు వ్యాఖ్యానించారు. అది తొందరపాటు. ఇక్కడ రెండు రకాల జ్ఞాపకాలున్నాయి. న్యూ హోప్ రోడ్డు మీద ఏం జరిగిందన్నది పుసర్ కుటుంబానికి వినికిడి జ్ఞానమే, వాళ్లలో ఎవరూ అక్కడ లేరు. వాళ్ల జ్ఞాపకం ఎంత గాఢమైనా, దాని బలం అంతా మళ్లీ పుసర్ మాట బలమే. పదిమంది చెప్పినా సాక్షి ఒక్కడే. ఇంట్లో ఎవరు ఎలా ఉండేవారు, ఎవరి ముఖం మీద దెబ్బలు కనిపించాయి, ఎవరు పుట్టింటికి వచ్చి మౌనంగా కూర్చున్నారు అన్నది మాత్రం బంధువులు కళ్లతో చూడగల విషయం. పౌలీన్ వైపువారికి ఉన్నది ఈ రెండో రకం. దానికి అతుకుపడిన ముక్కు ఎముక బలం చేకూర్చింది.

కుటుంబ జ్ఞాపకం ఇంటి సంగతులకు మంచి సాక్ష్యం, రోడ్డు మీది నేరానికి బలహీన సాక్ష్యం. మెక్‌నైరీలో దశాబ్దాలపాటు ఈ విలువలు తారుమారయ్యాయి. రోడ్డు గురించి చెప్పిన కథకు సినిమా, మ్యూజియం దక్కాయి. కాపురం గురించి తెలిసినవాళ్లను అడిగినవారు లేరు. షెరీఫ్ కుటుంబం కౌంటీలో ఉంది, ఓటర్ల మధ్య, బంధువుల మధ్య. పౌలీన్ పుట్టింటివారు వేరే రాష్ట్రంలో ఉన్నారు. కంచే చేను మేసిందేమోనన్న అనుమానం ఎవరికైనా వచ్చినా, దాన్ని వినిపించే చోటు వాళ్లకు లేదు.

చట్టపరంగా దీని అర్థం

2025 ప్రకటనను తీర్పుగా చదవకూడదు. జిల్లా అటార్నీ మార్క్ డేవిడ్‌సన్ చెప్పింది, నిందితుడు బతికి ఉంటే కేసును గ్రాండ్ జ్యూరీ ముందు పెట్టేందుకు తగిన ఆధారాలున్నాయని. గ్రాండ్ జ్యూరీ అంటే అభియోగం పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం. అది చూసేది నేరం చేసి ఉంటాడని నమ్మడానికి సహేతుక కారణం ఉందా లేదా అన్నదే. శిక్ష పడాలంటే దానికన్నా చాలా ఎక్కువ రుజువు కావాలి, ప్రతివాది తరఫు న్యాయవాది సాక్షులను అడ్డంగా ప్రశ్నించాలి. చనిపోయిన మనిషి మీద విచారణ జరగదు కాబట్టి ఆ పరీక్ష ఇక జరగదు. పుసర్ అభిమానులు పట్టుకున్న వాదన ఇదే, న్యాయపరంగా అందులో పస ఉంది. అయితే అదే కొలత మరోవైపుకీ వర్తిస్తుంది. నిక్స్ మీద, వైట్ మీద 58 ఏళ్లు మోపిన నింద గ్రాండ్ జ్యూరీ దాకా కూడా వెళ్లలేదు. వైట్ 1969లోనే కోరింత్‌లో తూటాలకు బలయ్యాడు. వాళ్లు మంచివాళ్లు కాకపోవచ్చు, ఈ నేరం చేశారనడానికి మాత్రం మిగిలిన ఆధారం పుసర్ మాటే.

వెయ్యి పేజీలకు మించిన ఈ కేసు ఫైలును మార్టిన్‌లోని టెనెసీ విశ్వవిద్యాలయం ద్వారా ప్రజలకు అందుబాటులో ఉంచుతామని అధికారులు చెప్పారు. ఫొటోలు, నివేదికలు, వాంగ్మూలాలు ఎవరైనా చదివి విభేదించే వీలు దీనితో కలుగుతుంది. మ్యూజియం, స్థానిక పర్యాటకం మీద ప్రభావం ఎలా ఉంటుందన్నది ఊరు తేల్చుకోవాల్సిన విషయం. ఇలాంటి చోట్ల వస్తువులు మారకపోయినా పక్కనున్న వివరణ పలకలు మారడం పరిపాటి.

ప్రకటన పరిధి ఒక్క పౌలీన్ మరణానికే పరిమితమన్నది కూడా గమనించాలి. ఆరేళ్ల పదవీకాలంలో ఆత్మరక్షణ పేరుతో మూసేసిన కాల్పులు, ముఖ్యంగా షామ్‌రాక్ మోటల్‌లో లూయీస్ హాత్‌కాక్ మరణం, దాని కిందికి రావు. ఆ కేసులోనూ ప్రధాన సాక్ష్యం, 1967 విషయంలో వాంగ్మూలం నిలబడలేదని ఇప్పుడు దర్యాప్తు సంస్థ చెబుతున్న అదే షెరీఫ్‌ది. హాత్‌కాక్‌కూ బంధువులున్నారు, వాళ్లకూ జ్ఞాపకాలున్నాయి.